ఎట్లున్నదిరా సినిమా?

క్రిస్మస్ సెలవులకు మనవరాలు హన్మకొండ వచ్చింది. టీవీలో పిల్లల సినిమా ఒకటి పెట్టుకుంది. మంచు కురిసే ఊరు, మాట్లాడే బొమ్మలు, గాలిలో ఎగిరే బండి, పది నిమిషాలకో పాట. అది చూస్తూనే గోళ్లకు రంగు వేసుకుంది. రంగు నచ్చలేదేమో, తుడిచేద్దామని చిన్న సీసా మూత తీసింది. వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతున్న నాకు ఆ వాసన తగిలి చెయ్యి ఆగిపోయింది.

అది మా చిన్నప్పటి టాకీసు కేబిన్ వాసన. సినిమా రీలు తెగితే రెండు కొసలూ బ్లేడుతో గీకి, చుక్క సిమెంటు రాసి, వేలితో నొక్కి పట్టుకుని అతికించేవాళ్లు. సిమెంటంటే ఇంటికి వాడేది కాదు, చిన్న సీసాలో నీళ్లలా ఉండే మందు. అందులోనూ గోళ్లరంగు తుడిచే మందులోనూ ఉండేది అసిటోనే. ఆ పని చేసే ఆపరేటర్ మామ కిందటి నెలలోనే పోయాడు. ఎనభై దాటినై, మంచంలో పడకుండానే పోయాడు, అదృష్టవంతుడే అన్నారు అందరూ. నాకు మాత్రం అప్పటి నుంచి ఆయన మాటే చెవిలో తిరుగుతోంది. "ఎట్లున్నదిరా సినిమా?"

పెద్దవాళ్లను ఆయన ఎన్నడూ ఈ మాట అడగలేదు. పిల్లలనే అడిగేవాడు.

*

మాది వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లుకు దగ్గరి గల్లీ. 1934లో నిజాం కాలంలో మొదలైన మిల్లు అది. మా ఇళ్లలో గడియారం ఉన్నా లేకపోయినా ఒకటే. మిల్లు కూత పెడితే అమ్మ పొయ్యి ముట్టించేది, ఇంకో కూతకు బాపు సైకిల్ తీసేవాడు, మూడో కూతకు మేం బడి నుంచి వచ్చేసేవాళ్లం. షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్ల తలల మీద, కనుబొమల మీద తెల్లగా దూది. బాపు గడప అవతలే తువ్వాలతో దులుపుకుని లోపలికి వచ్చేవాడు. అయినా అన్నంలో ఒక పోగు కనబడేది.

ఆపరేటర్ మామ ఎదురింట్లో కిరాయికి ఉండేవాడు. మాకు చుట్టం కాదు, వరుస గల్లీ కలిపింది. సెకండ్ షో వదిలిపెట్టి, రీళ్లు వెనక్కి చుట్టి పెట్టి, అర్ధరాత్రి దాటాక సైకిల్ మీద వచ్చేవాడు. ఆ సైకిల్ చైను చప్పుడు విని మా అమ్మమ్మ పక్క మీద నుంచే "ఆపరేటర్ వచ్చిండు, ఇగ పండుకోన్రి" అనేది. పొద్దున ఆలస్యంగా లేచి, మ్యాట్నీకి పోయేదాకా అరుగు మీద కూచుని చాయ్ తాగేవాడు. ఆయన చొక్కా కాలరుకు ఎప్పుడూ మసి.

గల్లీలో మేమందరం ఆయనంటే కుళ్లుకునేవాళ్లం. ప్రతి సినిమా పైసా లేకుండా రోజుకు మూడుసార్లు చూస్తాడు కదా! ఒకసారి మా తమ్ముడు ఆ మాట మొహం మీదే అన్నాడు. మామ నవ్వలేదు.

"నేను చూడనురా. నడిపిస్త."

ఆ మాట నాకు అర్థమైంది ఒకనాడు అమ్మ సద్ది గిన్నె ఇచ్చి పంపితే కేబిన్ మెట్లెక్కినప్పుడు. చిన్న గది. రెండు పెద్ద యంత్రాలు పక్కపక్కన. ఒక్కోదాని లోపల రెండు కార్బన్ పుల్లలు ఎదురెదురుగా మండుతూ ఉంటాయి. ఆ వెలుగే తెర మీద బొమ్మ. పుల్లలు మండుతూ మండుతూ పొట్టివైపోతాయి, వాటి మధ్య సందు పెరగకుండా పిడి తిప్పుతూ ఉండాలి. లేకపోతే బొమ్మ పచ్చబడుతుంది, కింద నుంచి ఈలలు, బూతులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకు అయిపోతుంది. అయిపోయే ముందు తెర మీద కుడిపక్క పైమూలకు ఒక చుక్క మెరిసి పోతుంది. అది చూసి రెండో మిషను మోటారు వేయాలి. ఇంకో చుక్క మెరవగానే దీన్ని మూసి దాన్ని తెరవాలి. ఆ క్షణం తప్పితే తెర తెల్లబోతుంది. ఇదయ్యాక అయిపోయిన రీలు తీసి, కొత్తది ఎక్కించి, పుల్లలు మార్చి, మళ్లీ చుక్క కోసం చూపు. ఇంత చప్పుడులో ఒక చిన్న స్పీకరు గోడకు వేలాడుతూ గురగురమనేది. హాల్లో జనం నవ్వింది, ఏడ్చింది, ఆ అద్దం కిటికీలో నుంచి పైకి రాదు.

అంటే ప్రతి సినిమాలో కొన్ని సంగతులు, అవే సంగతులు, ఎన్ని ఆటలు ఆడినా మామ కళ్లబడేవి కావు. అందుకే అడిగేవాడు. అడగడం కూడా ఊరికే కాదు. "బాగున్నది" అంటే ఊరుకునేవాడు కాదు. "బాగున్నదని పోస్టర్ మీద రాసే ఉంటది. నువ్వేం చూసినవో చెప్పు" అనేవాడు.

*

ఎండాకాలం సెలవులకు పాత సినిమాలు మళ్లీ వచ్చేవి. పిల్లలు ఖాళీగా ఉంటారు, అమ్మమ్మల ఇళ్లకు వచ్చిన పిల్లలు అదనం, పాత ప్రింటు కిరాయి తక్కువ. అట్లా ఒక సెలవుల్లో ‘మాయాబజార్’ వచ్చింది. 1957లో, నేను పుట్టకముందే వచ్చిన సినిమా. మైకు కట్టిన రిక్షా ఒకటి గల్లీ గల్లీ తిరిగి గులాబీ రంగు కాయితాలు విసిరింది. మేం వెంటపడి ఏరుకున్నవి తర్వాత నోటు పుస్తకాలకు అట్టలయ్యాయి.

మా గల్లీ నుంచి సినిమాకు పోవడమంటే ఇంటికో మనిషి చొప్పున పోవడం కాదు, గల్లీకి గల్లీ కదలడం. అమ్మ సర్వపిండి కాల్చి గుడ్డలో మూటగట్టింది. అమ్మమ్మ కొంగున పల్లీలు. నడిచే పోయాం. నేల టికెట్టు. ముందు ఎవరు కూచుంటే తల అడ్డమొస్తుందో చూసుకుని మరీ చోటు పట్టుకున్నాం. దీపాలు ఆర్పక ముందు ఘంటసాల గొంతులో వేంకటేశ్వరుడి పాట వేశారు. అమ్మమ్మ హాల్లోనే చేతులెత్తి మొక్కింది. ఆ పాట అయిపోతుండగా తెర లేచే చప్పుడు, బీడీ పొగలో కేబిన్ నుంచి వచ్చే వెలుగు గీత, వెనక్కి తిరిగి ఆ చిన్న కిటికీని చూసి "మామా!" అని మా తమ్ముడు పెట్టిన కేక, ఇవన్నీ నాకు సినిమాలో భాగమే.

ప్రింటు ఎన్నో ఊళ్లు తిరిగి తిరిగి వచ్చింది. తెర నిండా గీతలు. అయినా మూడు గంటల పైచిలుకు సినిమాకు ఒక్క పిల్ల ఏడవలేదు, ఒక్కరు బయటికి పోతామనలేదు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడై గద భుజాన పెట్టుకుని వచ్చినప్పుడు నేల అంతా లేచి నిలబడింది. వివాహ భోజనం పాటకు జనం అన్నారే "వన్స్ మోర్" అని, ఆ కేక మాత్రం అద్దం కిటికీ దాటి పైకి పోయే ఉంటుంది. మామ ఆటను ఆపలేదు. కానీ మరుసటి వారం ప్రింటు జమ్మికుంటకు పోయే రోజు, డబ్బాలు స్టేషనుకు పంపేముందు, గల్లీ పిల్లలందరినీ పిలిచి ఖాళీ హాల్లో ఆ ఒక్క రీలు మళ్లీ వేశాడు. ఖాళీ కుర్చీల్లో, మొదటిసారి బాల్కనీలో కూచుని చూశాం. యజమానికి తెలిసి వేశాడో తెలియక వేశాడో నేను అడగలేదు.

*

సినిమా చూసిన మరునాడు పొద్దునే అరుగు మీద పంచాయతీ మొదలైంది. సినిమాలో ఘటోత్కచుడు మెచ్చినవాడికి వీరతాడు వేయిస్తాడు కదా, మామ కూడా అదే పెట్టాడు. మిల్లు నుంచి బాపు తెచ్చిన వేస్టు నూలు పోగులు కొన్ని పేనితే అదే వీరతాడు. ఎవరూ చూడనిది చూసి చెప్పినవాళ్ల మెడలో పడుతుంది.

మా చెల్లె ముందే తయారుగా ఉంది. దానికి సినిమా మీద పెద్ద కోపం. "అన్ని లడ్డూలు ఆయన ఒక్కడే తిన్నడు. పక్కన చిన్నోళ్లు నిలవడి చూస్తున్నరు. ఒక్కటన్న పెట్టలే." లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోట్లో పడడం చూసి మేమందరం నోళ్లు తెరుచుకున్నాం. దానికి ఆ వింత ఆనలేదు. పంచుకోకుండా తినడమే కనబడింది. మామ దీన్ని కొట్టిపారేయలేదు. "పాయింటే" అని తాడు వేశాడు.

కిరాణా కొట్టువాళ్ల అబ్బాయి, లెక్కల్లో దిట్ట, వేళ్లు మడుస్తూ అడిగాడు. "కృష్ణుడు వచ్చిండు, బలరాముడు వచ్చిండు, దుర్యోధనుడు, శకుని, కర్ణుడు అందరు వచ్చిన్రు. మరి పాండవులేరి?" అరుగు మీద ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. నిజమే. మూడు గంటల మహాభారత కథలో పాండవులు ఒక్కసారీ తెర మీదికి రారు. అమ్మను అడిగాం, వచ్చినట్టే గుర్తు అన్నది. అమ్మమ్మను అడిగితే భీముణ్ణి తన కళ్లతో చూశానని ఒట్టు పెట్టుకుంది. ఆ రోజు వాడికి రెండు తాళ్లు పడ్డాయి. దర్శకుడు కె.వి.రెడ్డి, రాసిన పింగళి నాగేంద్రరావు కలిసి చేసిన ఆ గారడి గురించి పెద్ద పెద్దవాళ్లు రాసిన వ్యాసాలు నేను తర్వాత చదివాను. మా అరుగు మీద అది తేలిన పద్ధతి నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. వాడికి ఎవరూ చెప్పలేదు, వాడు లెక్కపెట్టాడు అంతే.

తమ్ముడిది ఒకటే మాట. "ద్వారకల ఎప్పుడు వానేనా?" ప్రింటు మీది గీతలను వాడు వాన అనుకున్నాడు. మామ వాణ్ణి దగ్గరికి తీసుకుని, రీలు మిషన్లో పోయినప్పుడల్లా దుమ్ము ఎట్లా గీరుతుందో చెప్పి, "ఈసారి గాజుగుడ్డతో తుడుస్త బిడ్డా" అన్నాడు. వాడి మాటను ఫిర్యాదుగా తీసుకున్నాడు ఆయన. సాయంత్రం ఆటకు పోయేటప్పుడు అమ్మను అడిగి పాత మెత్తటి గుడ్డ తీసుకుపోయాడు కూడా.

నాది శశిరేఖ గురించి. రెండో సగంలో ఉన్నది అసలు శశిరేఖ కాదని, ఆమె రూపంలో ఉన్న ఘటోత్కచుడని కథ చెబుతుంది. కథ చెప్పకపోయినా నాకు ఆమె నడక చూస్తేనే తెలిసిపోయింది. కాళ్లు ఎడంగా వేసి, భుజాలు ఊపుతూ, ఎవరైనా వస్తే చటుక్కున ఒద్దికై, మళ్లీ మరిచిపోయి మగాడిలా నిలబడుతుంది సావిత్రి. పెళ్లి పాటలో సుశీల గొంతు సాగుతుండగా నడుమ ఘంటసాల గొంతు దూకుతుందే, అక్కడ పెదవి కూడా మారుతుంది. ఇది నేను చెబుతుంటే మామ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "ఆ పాట మధ్యల్నే నాకు రీలు మార్పు. సగమే చూసిన. మిగతాది చేసి చూపియ్యి" అన్నాడు. గల్లీ నడుమ చున్నీ కొంగులా కప్పుకుని నడిచి చూపించాను. సిగ్గుతో చచ్చిపోయాను గానీ మెడలో తాడు పడింది.

*

చివరికి కూచున్న పిల్ల మాట్లాడలేదు. మూడిళ్ల అవతలివాళ్ల బిడ్డ. వాళ్లది సాలెవాళ్ల ఇల్లు. మగ్గం మీద కూడు పుట్టక వాళ్ల నాయిన సూరత్ పోయాడు. అప్పట్లో మా దిక్కు నుంచి సూరత్, భివండి, షోలాపూర్ పోయిన నేతగాళ్లు ఇంటికొకరు ఉండేవాళ్లు. పండక్కి వస్తామని పోతారు, పండగ వస్తుంది, కొన్నిసార్లు మనియార్డరు వస్తుంది.

"నీకేం నచ్చిందిరా బిడ్డా?" అన్నాడు మామ.

"ఆ పెట్టె."

ప్రియదర్శిని. మూత తెరిస్తే ఎవరికి ఇష్టమైనవాళ్లు వాళ్లకు కనబడతారు. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. కృష్ణుడు తెరిస్తే శకుని కనబడి హాలంతా నవ్వుతుంది.

"అది నాకు దొరికితే మా నాయిన కనబడుతుండె" అన్నది ఆ పిల్ల.

ఆ తర్వాత ఆ పొద్దు ఎవరూ సినిమా గురించి మాట్లాడలేదు. లోపల బియ్యం ఏరుతున్న మా అమ్మ చేట పట్టుకునే బయటికి వచ్చి ఆ పిల్లను చేయిపట్టి లోపలికి తీసుకుపోయింది.

రెండు రోజుల తర్వాత మామ ఆ పిల్లకు ఒక రీలు ముక్క తెచ్చి ఇచ్చాడు. ఆ ప్రింటు అప్పటికే అక్కడ ఎప్పుడో తెగి అతుకుపడి ఉందట. అతుకు మళ్లీ ఊడితే సరిగ్గా అతకడానికి కొస కత్తిరించాల్సి వచ్చింది. కత్తిరించిన ముక్క అది. మూడు బొమ్మలున్నాయి దాని మీద, ఒకదాని కింద ఒకటి. బొమ్మకు ఒక్కో పక్క నాలుగు రంధ్రాలు, ఇంకో అంచున సన్నగా వంకరటింకర గీత. ఆ గీతే పాట, ఆ గీతే మాట అని మామ చెప్పాడు. ఎండకు అడ్డంగా పట్టుకుంటే పెట్టె మూత ఎత్తి లోపలికి చూస్తున్న శశిరేఖ ముఖం. ముఖం మీద పెట్టె వెలుగు. లోపల ఎవరున్నారో ఆ ముక్కలో లేదు. మూడు బొమ్మలూ ఒకటేలా ఉన్నాయే అని నేనంటే, ఆ పిల్ల చాలాసేపు చూసి, "లేదు, మూడో దాంట్ల కన్ను కొంచెం పెద్దగైంది" అన్నది. మామ తీసుకుని చూశాడు. కన్ను నిజంగానే పెద్దదైంది.

*

పెద్దవాళ్ల అభిప్రాయాలు వేరుగా ఉండేవి. అమ్మమ్మకు ఎన్టీఆర్ కృష్ణుడై కనబడడమే చాలు, ఇంటికి వచ్చి స్నానం చేసింది. అమ్మకు పాటల పుస్తకం కావాలి. హాలు బయట కొని, వంటింటి గూట్లో పోపు డబ్బా వెనక దాచుకుని, చపాతీలు చేస్తూ లాహిరి పాట పాడేది. ఆ పుస్తకం నూనె మరకలతో పారదర్శకమైపోయి, ఈ పక్క పాట ఆ పక్కకు కనబడేది. బాపు మాత్రం ఏమీ అనలేదు. మిల్లులో పని తగ్గించి లే-ఆఫ్ పెట్టిన రోజులవి. చాలా రోజుల తర్వాత అన్నం తింటూ, ఎవరూ అడగకుండానే, "అంత వంట చేసి పెండ్లే చేయలేదు వాళ్లు" అన్నాడు.

*

నేను టీచరయ్యాను. పరకాల దిక్కు ఒక ఊరి సర్కారు బడి. ఆ ఉద్యోగంలో ఉండగా 1997లో ‘రామాయణం’ వచ్చింది. గుణశేఖర్ తీసింది, అన్ని వేషాలూ పిల్లలే వేసింది. ఇప్పుడు పెద్ద హీరో అయిన జూనియర్ ఎన్టీఆర్ అందులో రాముడు. దానికి ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. పిల్లల సినిమా అంటే పెద్దవాళ్లు పిల్లలకు బుద్ధులు చెప్పే సినిమా అనుకునే రోజుల్లో, మునుల గడ్డాలు కూడా పిల్లలకే అంటించి పాటలతో యుద్ధాలతో అంత పెద్ద కథ నడిపించడం నాకు చాలా నచ్చింది. తల్లిదండ్రులను ఒప్పించి, ఆర్టీసీ బస్సులో పిల్లలను తీసుకుపోయాను. అప్పటికి కేబిన్లో కార్బన్ పుల్లలు పోయి జెనాన్ దీపం వచ్చింది. మామ మాత్రం అక్కడే ఉన్నాడు. ఇంటర్వెల్లో దిగి వచ్చి మా పిల్లల మధ్య నిలబడి అదే ప్రశ్న వేశాడు. పిల్లలు నా మొహం చూశారు. టీచర్ ముందు సరైన జవాబు చెప్పాలి కదా! "బాగుందండీ" అన్నారు ఒక్క గొంతుతో.

నాకు చాలా బాధేసింది. మరునాడు బళ్లో అందరికీ తెల్లకాగితాలు ఇచ్చి, మార్కులు లేవు, తప్పొప్పులు లేవు, చూసిందే రాయండి అన్నాను.

ఒక ఆడపిల్ల రాసింది: "సీత మా అంత పిల్ల. అడవిల ఆమెను ఒక్కదాన్ని ఇంట్ల పెట్టి ఇద్దరూ పోవుడు తప్పు. మా అమ్మ నన్ను చెలక కాడ కూడా ఒంటిగ ఉంచదు." గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడు బంగారు జింక దగ్గర పట్టుకున్నాడు. మనిషి అలికిడికి అసలు జింక అట్లా నిలబడదనీ, అది నిలబడిందంటేనే మోసమని లక్ష్మణుడికి తెలిసిపోయి ఉండాలనీ వాడి వాదన. కథలో లక్ష్మణుడు కూడా అదే అంటాడు. ఈ పిల్లవాడు అడవి తెలిసి అన్నాడు. ఇంకొకడు గడ్డాలు ఎక్కడ ఊడిపోతాయో అని సినిమా అంతా టెన్షన్ పడ్డానని రాశాడు. అన్నం విషయం ఎవరూ రాయరనుకున్నాను. రాశారు. రాముడు పొద్దున అడవికి పోయేటప్పుడు వాళ్లమ్మ సద్ది కట్టలేదని, కట్టాల్సిందని.

ఆ కాగితాలు తీసుకుపోయి మామకు చదివి వినిపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, సీత గురించి రాసిన కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. "దీనికి తాడు వెయ్యాలె" అన్నాడు. నూలు కోసం ఇల్లంతా వెతికాడు. మిల్లు అప్పటికి చావుబతుకుల్లో ఉంది, బాపు ఎప్పుడో ఇంటికాడ కూచున్నాడు. చివరికి పూలమాల దారం దొరికింది.

అప్పటి నుంచి నా ఉద్యోగం అయిపోయేదాకా ఆ అలవాటు మానలేదు. 1955లోనే పిల్లల సినిమాల కోసమని దేశానికి ఒక బాలల చిత్ర సమితిని పెట్టారు. దాని అంతర్జాతీయ పండుగ మన హైదరాబాదులోనే జరుగుతుంటే ఎంత సంబరపడేవాళ్లమో. బంగారు ఏనుగు బహుమతి అంటే మా బడి పిల్లలకు కూడా తెలుసు. 2022లో ఆ సమితిని తీసుకుపోయి జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. సినిమాలు తీసేవాళ్లు ఎవరైనా సరే, పిల్లలు హాల్లోంచి బయటికి వచ్చే మెట్ల దగ్గర ఒక్క పూట నిలబడి అడగాలని నా కోరిక. పిల్లలు సినిమా హిట్టా ఫట్టా చెప్పరు. సద్ది కట్టలేదని చెబుతారు. కన్ను పెద్దదైందని చెబుతారు. ఆ సినిమా తీసినవాడికి అంతకంటే పనికొచ్చే మాట ఇంకెవరు చెబుతారు?

*

మిల్లు 2002లో పూర్తిగా మూతబడింది. కూత లేదు. కొన్నాళ్లు మా అమ్మ వేళ తప్పి పొయ్యి దగ్గర తచ్చాడేది. టాకీసులకు రీళ్ల డబ్బాలు రావడం కూడా ఆగిపోయి, సినిమా శాటిలైట్ మీదుగా ఆకాశంలోంచి దిగడం మొదలైంది. చుక్క చూసి మిషను మార్చే పని లేకుండా పోయాక మామకు పని లేకుండా పోయింది. కొడుకు దగ్గర ఉండేవాడు.

2010లో ‘మాయాబజార్’ను రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. నేనే మామను తీసుకుపోయాను. మధ్య వరసలో కుర్చీ. మొదటి అరగంట ఆయన ఒక్కచోట కూచోలేకపోయాడు, మాటిమాటికీ కుడిపక్క పైమూలకే చూపు. నేను చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా సర్దుకున్నాడు. లాహిరి పాట వచ్చినప్పుడు ముందుకు వంగి చూశాడు. అహనా పెళ్లి పాటలో గొంతు మారే చోట గట్టిగా నవ్వాడు, పక్కవాళ్లు తిరిగి చూసేటంతగా. "నువ్వు గల్లీల నడిచి చూపించినదే కరెక్టు బిడ్డా" అన్నాడు.

బయటికి వచ్చాక నేను అడిగాను. "ఎట్లున్నది మామా?"

రిక్షా ఎక్కేదాకా చెప్పలేదు. ఎక్కాక చెప్పాడు. "రంగు మంచిగనే ఉన్నది. కానీ ఎన్నెల పాట కాడ పడవ మీద రంగు కనబడ్డది, నీళ్ల మీద ఎన్నెల కనబడలే. కెమెరామన్ బార్ట్లే తీసిన ఎన్నెల నేను రోజూ చూసిన. ఆ రీలు నడిచేటప్పుడు కేబిన్ల గోడ గూడ తెల్లగయ్యేది." కాసేపాగి, "జనం ఇంతగనం నవ్వుతరని నాకు ఎర్కలేకుండె" అన్నాడు.

*

మామ పెద్దకర్మకు పాత గల్లీ వాళ్లు చాలామందే వచ్చారు. చెల్లె కరీంనగర్ నుంచి, తమ్ముడు హైదరాబాదు నుంచి. కిరాణా కొట్టు అబ్బాయికి జుట్టంతా తెల్లబడింది, లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యాడు. ఆ పెట్టె గురించి చెప్పిన పిల్ల సూరత్ నుంచి వచ్చింది. పెళ్లయి తనూ అక్కడికే పోయింది. వాళ్ల నాయిన అక్కడే పోయాడు. ఆమె కొడుకులు ఇప్పుడు పవర్‌లూమ్ నడుపుతున్నారు.

భోజనాల దగ్గర మాట సినిమా మీదికి మళ్లింది. పాండవుల లెక్క మళ్లీ వచ్చింది. నేను ఆమెను అడిగాను, ఇప్పుడు ఆ పెట్టె దొరికితే ఎవరిని చూస్తావని.

"ఆ పెట్టె ఇప్పుడు అందరి చేతులల్ల ఉన్నది కదక్కా" అంది ఫోను ఎత్తి చూపించి. "మనుమరాలు రోజు కనబడ్తది. కనబడి ఏంజేస్తం? చిన్నప్పుడు నేను తప్పు చెప్పిన. అడగాల్సింది పెట్టె కాదు, ఘటోత్కచుణ్ణి. పండుకున్న శశిరేఖను మంచంతో సహా ఎత్తుకొచ్చిండు సూడు, అట్ల మా నాయినను మగ్గంతో సహా ఎత్తుకొచ్చి గల్లీల దింపేటోడు కావాల్సుండె."

లెక్చరర్ చేతిలో విస్తరి అట్లాగే ఉండిపోయింది. మామ కొడుకు వచ్చి, ఇంకో లడ్డూ వేసుకోండి అన్నాడు. చెల్లె తన విస్తరిలోది తీసి ఆమె విస్తరిలో పెట్టింది. "మంచం సంగతి సరే, ఆనాడు పక్కనోళ్లకు ఒక్కటన్న పెట్టకపోవుడు మాత్రం తప్పే" అంది. దాని మీద మళ్లీ వాదం మొదలైంది.